కిటికీ నాలుగు వేళ్లు తీసి ఉంచండి

హన్మకొండ నుంచి ఒక కొత్త జంట అడిగారు: “జూన్‌లో న్యూజిలాండ్ వెళ్తున్నాం. అప్పుడు అక్కడ చలికాలమట. గదిలో గ్యాస్ హీటర్ పెట్టుకుంటే కిటికీ తీయాలంటున్నారు. తీస్తే వేడంతా పోదా అన్నా?”

కొంత పోతుంది తమ్మీ. అయినా తీయాల్సిందే.

మాది పరకాల దగ్గర పల్లె. మా అక్క బాలింతగా ఉన్నప్పుడు చలికాలంలో గదిలో నిప్పుల కుంపటి పెట్టి, తలుపు దగ్గరగా వేసేవాళ్లు. అది మంచి పద్ధతని అననుగానీ, గూనపెంకుల సందుల్లోంచి గాలి ఆడుతుండేది కాబట్టి బతికిపోయాం. అదే అలవాటుతో ఇక్కడ న్యూజిలాండ్‌కొచ్చి మొదటి చలికాలం చక్రాల గ్యాస్ హీటర్ కొన్నాను. వెనక 9 కిలోల సిలిండర్, ముందు ఎర్రగా కాలే పలకలు, పొగ బయటికి పోయే గొట్టం మాత్రం లేదు. మా ఫ్లాట్‌లో కిటికీలకు రెండేసి అద్దాలు, కింద కార్పెట్. అది చాలదన్నట్టు తలుపు కింద సందులో తువ్వాలు కుక్కాను.

వారం తిరగకుండానే సాయంత్రమయితే నాకూ మా ఆవిడకూ తలనొప్పి, కడుపులో తిప్పడం మొదలైంది. జ్వరం లేదు. బయటికి వెళ్తే తగ్గేది, ఇంటికొస్తే మళ్లీ మొదలు. కిటికీ అద్దాల మీంచి నీళ్లు ధారగా కారి చెక్క మీద మడుగు కట్టేవి. పక్కింటి పెద్దావిడ వచ్చి, మాట కూడా మాట్లాడకుండా ముందు కిటికీ తెరిచింది.

ఆ నీళ్లు గ్యాస్‌లోంచి వచ్చినవే. కిలో గ్యాస్ కాలితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. సిలిండర్ అయిపోయేసరికి గదిలో బిందెడు నీళ్లు కలిపినట్టే. బీరువా వెనక నల్లటి బూజు, పిల్లల ఆయాసం అక్కడి నుంచే మొదలవుతాయి.

అంతకంటే భయం కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుతో. గాలి చాలక గ్యాస్ సరిగ్గా కాలకపోతే అది పుడుతుంది. వంటగ్యాస్ లీకైతే ముక్కుకు తెలియాలని అందులో వాసన కలుపుతారు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసనా లేదు, రంగూ లేదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఉంటే మెలకువే రాకపోవచ్చు. అందుకే పడకగదిలో, స్నానాల గదిలో ఈ హీటర్ వద్దే వద్దు. పడుకునే ముందు ఆపేయండి. ఆక్సిజన్ తగ్గితే దానంతటదే ఆగిపోయే ఏర్పాటు కొన్నిటికి ఉంటుంది. దాని ధైర్యంతో కిటికీ మూయకండి. మంట పసుపు రంగులోకి మారినా, పలకల మీద మసి పట్టినా వాడటం మానేసి సర్వీసుకు ఇవ్వండి. బట్టలు, దుప్పట్లు మీటరు దూరంలో ఉండాలి. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొనుక్కోండి.

అసలు ఆ హీటర్ కొనకముందే ఇంటి ఓనర్‌ను అడగండి. 2025 జూలై 1 నుంచి ఇక్కడి అద్దె ఇళ్లన్నీ పాటించాల్సిన నిబంధనల ప్రకారం, హాలును 18 డిగ్రీలకు వేడి చేయగల స్థిరమైన హీటర్ ఓనరే ఇవ్వాలి. గొట్టం లేని గ్యాస్ హీటర్ ఆ లెక్కలోకి రాదు. మొహమాటపడకు తమ్మీ, అది మీ హక్కు. చాలా ఇళ్లలో హీట్ పంప్, అంటే వేడి గాలి ఇచ్చే ఏసీ లాంటిది, పెడతారు. దాంతో ఈ బాధేమీ ఉండదు.

ఇంట్లో అందరికీ ఒకేసారి తల తిరిగితే ఇంటి నుంచి ఫోన్ చేస్తూ కూర్చోకండి. ముందు అందరూ బయటికి రండి, ఆ తర్వాత ఇక్కడి అత్యవసర నంబరు 111కి ఫోన్ చేయండి.