సమాధానం: పిషెగ్రూ ఉత్తరాల తేదీ ఏడాది ఎందుకు తేడా వస్తోంది

రాజవాదులతో రహస్యంగా సంప్రదించాడన్న ఆరోపణ ఉన్న ఫ్రెంచ్ జనరల్ పిషెగ్రూ ఉత్తరాల తేదీలు ఏడాది తేడాగా వస్తున్నాయని అడిగారు. ఇదంతా ఫ్రెంచ్ విప్లవకాలపు రిపబ్లికన్ క్యాలెండరు లెక్క. మీ లెక్కలో 5వ సంవత్సరం ఫ్రుక్టిడోర్ 18 కాస్తా 1798 సెప్టెంబరుకి పోయిందంటే, 1792కి 5 కలిపారన్నమాట. కలపాల్సింది 1791కి. రిపబ్లిక్ 1వ సంవత్సరమే 1792 సెప్టెంబరు 22న మొదలైంది కదండీ! అలా 5వ సంవత్సరం 1796 సెప్టెంబరు 22న మొదలవుతుంది. ఫ్రుక్టిడోర్ చివరి నెల. ఆ ఏడు దాని 1వ తేదీ 1797 ఆగస్టు 18. 17 రోజులు కలిపితే సెప్టెంబరు 4, అప్పటి ఫ్రాన్స్ పాలక మండలి డైరెక్టరీ తన ప్రత్యర్థుల మీద సైనిక కుట్ర జరిపిన రోజు. 4వ సంవత్సరం, 8 నుంచి తర్వాతవి మాత్రం సెప్టెంబరు 23న మొదలవుతాయి (12వది 24న), అక్కడ జాగ్రత్త.

ఇక జర్మనీలోని ఆఫెన్‌బర్గ్‌లో ఆస్ట్రియా జనరల్ క్లింగ్లిన్ బండిలో ఈ ఉత్తరాలు దొరికింది 1797 ఏప్రిల్‌లో. అంటే ఫ్రెంచ్ జనరల్ మోరో వాటిని దాచింది ఏడాదిన్నర కాదు, నాలుగు నెలల పైచిలుకు. మారుపేర్లతో, సంకేతాల్లో ఉన్నాయి కాబట్టి విప్పడానికి సమయం పట్టిందన్నాడు. పిషెగ్రూతో పాత స్నేహమే అసలు కారణమని నాకనిపిస్తుంది. ఇంకొకటి: సెప్టెంబరు 4న డైరెక్టరీ చూపించిన కాగితం వీటిలోది కాదు, ఇటలీలో రాజవాద గూఢచారి దాంత్రెగ్ సంచిలో బోనపార్టుకి చిక్కినది. రెండిటినీ కలపకండి.