లండన్ సెయింట్ పాంక్రస్ స్టేషన్ పైకప్పు మధ్యలో ఒక్క స్తంభమూ లేకుండా ఎలా నిలిచింది?

కిటుకంతా ప్లాట్‌ఫారం కిందే ఉంది. ఏ కమాను అయినా తన బరువుతో కాళ్లను పక్కలకు తోస్తుంది. పట్టి ఉంచేది లేకపోతే కాళ్లు ఎడమై నడిమి భాగం కుంగుతుంది. ఆ పట్టు కోసం రైళ్లు ఆగే చాలా స్టేషన్ షెడ్లలో తలల మీదుగా ఇనుప కడ్డీలు బిగించేవారు. 1868లో తెరిచిన ఈ షెడ్డులో ఇంజనీరు విలియం బార్లో ఆ పనిని నేలకే అప్పగించాడు. రీజెంట్స్ కాలువ మీదుగా రావాల్సినందున పట్టాలు వీధికన్నా బాగా ఎత్తున ఉన్నాయి. వాటిని మోసే ఇనుప దూలాలే దాదాపు 240 అడుగుల కమానుకు, వింటికి నారిలా, రెండు చివరలనూ లాగిపట్టాయి.

ఆ దూలాల కింది గిడ్డంగి కథ ఇంకా సరదాగా ఉంటుంది. బీరు తయారీకి పేరొందిన ఇంగ్లండ్ పట్టణం బర్టన్ నుంచి వచ్చే బీరు పీపాలు అక్కడ పేర్చేవారు. అందుకే పోత ఇనుప స్తంభాల మధ్య ఎడం పీపాల కొలతను బట్టి 14 అడుగుల 8 అంగుళాలు. పైన కమాన్లు సరిగ్గా దానికి రెట్టింపు దూరంలో, 29 అడుగుల 4 అంగుళాలకు ఒకటి చొప్పున ఉన్నాయి.