మాత్రలెన్నో రాయలేదేం?

అమ్మాయీ,

నీ కథ నిన్న రాత్రి చదివాను. అమెరికాలో, వెస్ట్ వర్జీనియాలో ఆ తల్లి వంటింటి బల్ల మీద కొడుకు సీసా ఒలకబోసి మాత్రలు లెక్కపెడుతుంది చూడు, అక్కడ ఆగిపోయాను. మరుక్షణమే ఒళ్లు మండింది. ఎన్ని మాత్రలో రాయలేదు! ఆ కింది పేరాలోనే 'చెడు స్నేహాలు, విచ్చలవిడి సంస్కృతి అతన్ని మింగేశాయి' అని తేల్చేశావు. గనిలో ఆ కుర్రాడి నడుం దెబ్బతిందని నువ్వే రాశావు కదా. మందుల చీటీ స్నేహితులు రాశారా?

కథలు రాయకముందు నేను పదకొండేళ్లు మెడికల్ రెప్‌ని. గుంటూరు, తెనాలి, నరసరావుపేట డాక్టర్ల గుమ్మాల్లో, ఆఖరి పేషెంటు వెళ్లేదాకా బ్యాగుతో నిలబడ్డవాణ్ణి. ఒకసారి ఓ డాక్టరుగారు "దీనికి కడుపులో మంట రాదని ఎవరన్నారయ్యా?" అని అడిగారు. కంపెనీ ఇచ్చిన రంగుల ఫోల్డర్‌లో, అడుగున చిన్నక్షరాల్లో ఉన్న జర్నల్ పేరు చూపించాను. ఆ వ్యాసం నేను చదవలేదు. మా మేనేజరూ చదవలేదు. డాక్టరుగారు మాత్రం ఆ సాయంత్రం నుంచే ఆ మందు రాయడం మొదలుపెట్టారు. ఆ నెల నా టార్గెట్ పూర్తయింది.

అందుకే 1980 నాటి ఒక ఉత్తరం గురించి తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 'న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో అచ్చయింది, మొత్తం ఐదు వాక్యాలు. ఆసుపత్రిలో నార్కోటిక్ మందులు, అంటే నల్లమందు జాతి నొప్పి మందులు, ఇచ్చిన 11,882 మందిలో వ్యసనం నలుగురికే కనబడిందని. ఆసుపత్రిలో ఉన్నవాళ్ల సంగతి అది. సీసా ఇంటికి తెచ్చుకుని నెలల తరబడి మింగినవాళ్ల సంగతి కాదు. తర్వాతవాళ్లు ఆ 'ఆసుపత్రి' అన్న మాట వదిలేసి మిగతాది పట్టుకున్నారు. 2017లో కెనడా పరిశోధకులు లెక్క తీస్తే, 600కు పైగా చోట్ల దాన్ని ఉదహరించారని తేలింది. 1996లో అదే జాతి నొప్పి మాత్ర ఆక్సికాంటిన్‌ని బజార్లోకి దించిన పర్‌డ్యూ ఫార్మా, వ్యసనం ఒక శాతం కంటే తక్కువేనని రెప్‌ల చేత చెప్పించింది. 2001లో ఆ రెప్‌ల సగటు జీతం ఏడాదికి 55,000 డాలర్లు, బోనస్ 71,500. జీతాన్ని మించిన బోనస్! బ్యాగు మోసినవాడికి ఆ ఒక్క ముక్క చాలు, మిగతా కథంతా అర్థమైపోతుంది.

అదే వెస్ట్ వర్జీనియాలో కెర్మిట్ అని, అప్పట్లో దాదాపు 400 మంది ఉండే ఊరు. అక్కడ ఒక్క మందుల షాపుకి రెండేళ్లలో దాదాపు 90 లక్షల హైడ్రోకోడోన్ అనే అదే జాతి నొప్పి మాత్రలు దిగాయి. ఆ పెట్టెలు దింపినవాడు, ఆ బిల్లు రాసిన గుమాస్తా, ఒక్కరైనా నీ కథలో లేరే?

2010లో ఆక్సికాంటిన్ మాత్రని పొడిచేసి పీల్చే వీల్లేకుండా, సులువుగా నలగకుండా మార్చారు. అప్పటికే అలవాటు పడ్డవాళ్లు చాలామంది హెరాయిన్‌కి మళ్లారు. 2013 నుంచి హెరాయిన్ కంటే ఎన్నో రెట్లు ఘాటైన ఫెంటానిల్ వచ్చి పడింది. నీ కథ అక్కడ మొదలైంది. నన్నడిగితే అది ఆఖరి పేజీ.

నా మొదటి కథలో పొగాకు రైతు అప్పు 4,350 రూపాయలని రాశాను. ఓ వారపత్రిక సంపాదకుడు 'కథలో పద్దులెందుకు' అని కొట్టేసి, 'అప్పుల ఊబి' అని వేశాడు. నలభై ఏళ్లయింది, ఇప్పటికీ 'ఊబి' అన్న మాట కనబడితే పేజీ తిప్పేస్తాను. ఇప్పటివాళ్లు దాన్నే ఇంకో పేరుతో చేస్తున్నారు. అంతా పొగమంచు, మనిషికి ఊరుండదు, జీతముండదు.

పోటీకి పంపనా, కలం పేరు పెట్టుకోనా అని ఏవేవో అడిగావు. తర్వాత చూద్దాం. ముందు ఆ వంటింట్లోకి మళ్లీ వెళ్లు. సీసాకి లేబుల్ ఉంటుంది. పేరు, తేదీ, రోజుకెన్ని, రాసిన డాక్టరు. ఆ తల్లి చేత పైకి చదివించు. తర్వాత లెక్కపెట్టించు. అయ్యాక నాకు పంపు, ఈసారి అక్షరాలు కాస్త పెద్దవి చేసి. కంటి ఆపరేషన్ అయింది.