సింహాద్రి మెట్లు ఎక్కబోతున్న శ్రావణికి

సీతమ్మధార,
విశాఖపట్నం.

చిరంజీవి శ్రావణికి పెద్దనాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరమూ క్షేమం.

నువ్వు ఇద్దరు స్నేహితురాళ్ళను వెంటబెట్టుకుని సింహాచలం వస్తున్నావనీ, అప్పన్న అని మనం పిలుచుకునే వరాహ నరసింహస్వామి స్థలపురాణాలన్నీ విని రాసుకోవాలని సంకల్పించావనీ నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంట్లో ఆ కథల మీద ఇంత ఆసక్తి చూపిన పిల్లవు నువ్వే కనుక నాకు కలిగిన సంతోషం చెప్పనలవి కాదు. అయితే అక్షయ తృతీయ నాటికే టికెట్లు కొన్నావని కూడా ఆవిడే చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. అందుకే ఫోనులో రెండు ముక్కలు చెప్పి ఊరుకోకుండా ఈ ఉత్తరం రాస్తున్నాను. ఓపికగా చదువు.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి బస్సులు పుష్కలంగా ఉన్నాయి, దిగువన దేవస్థానం బస్సులు కూడా ఉంటాయి కానీ మీరు కొండ కింద మెట్లు మొదలయ్యే తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మెట్ల దారినే ఎక్కండి. తెల్లవారేసరికి మొదటి మెట్టు మీద ఉండాలి. సెల్‌ఫోను గుడిలోకి తీసుకువెళ్ళవద్దు. చూసినదీ విన్నదీ బయటకు వచ్చాక కూర్చుని రాసుకో. కొండ మీది నీటి ధార అయిన గంగధార దగ్గర రాళ్ళు పాకుడు పట్టి ఉంటాయి, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని నడవాలి.

ఇక అక్షయ తృతీయ విషయం. ఏడాది పొడవునా చందనపు పూతలో ఉండే స్వామి ఆ ఒక్క రోజే నిజరూపంతో దర్శనమిస్తాడు కాబట్టి, కథలు తెలుసుకోవడానికి అంతకు మించిన రోజు ఉండదని నువ్వు అనుకుని ఉంటావు. నేను దానికి ఒప్పుకోను. ఆ రోజు కొండ మీదకు లక్షల మంది వస్తారు. అర్చకులకు తల ఎత్తే తీరిక ఉండదు, మండపంలో ఒక స్తంభం ముందు నిలబడి చూడడానికి వీలుండదు, నిన్ను వెనక ఉన్నవారు తోస్తుంటే నువ్వు ముందున్నవారిని తోస్తూ క్షణకాలం స్వామిని చూసి బయటపడతావు. 2025 ఏప్రిల్ 30న, సరిగ్గా ఆ చందనోత్సవం నాడే, తెల్లవారకముందు గాలివానలో క్యూ పక్కన గోడ కూలి, దర్శనం కోసం నిలుచున్న భక్తులు ప్రాణాలు కోల్పోయిన సంగతి నీకు తెలుసు. మీ పెద్దమ్మ ఆ వార్త విన్న రోజంతా అన్నం ముట్టలేదు. స్వామి మీద నమ్మకం ఒకటి, జనసమ్మర్దంలో ఆడపిల్లలను పంపడం మరొకటి. వినడానికి నీకు కటువుగా ఉండవచ్చు కానీ, ఆ రోజు వస్తానంటే మాత్రం నేను గుమ్మంలో అడ్డంగా నిలబడతాను.

పైగా, నువ్వు తెలుసుకోవాలనుకున్న కథ ఆ చందనంలోనే ఉంది. ప్రహ్లాదుడు పూజించిన స్వామి కాలక్రమంలో పూజలు లేక పుట్టలో కప్పబడిపోయాడనీ, ఊర్వశితో కలిసి ఆకాశమార్గాన వెళుతున్న పురూరవ చక్రవర్తి ఈ కొండ దగ్గర ఆగిపోయి, స్వామి జాడ తెలుసుకుని పుట్టమన్ను తొలగించాడనీ, తీసిన మన్ను ఎంతో అంత చందనం తనకు పూయమని స్వామి కోరాడనీ స్థలపురాణం చెబుతుంది. ఆ మాట ఈనాటికీ అక్షరాలా జరుగుతున్నది. దేవస్థానం వారు చందనపు చెక్కలను రాతి సానల మీద అరగదీసి, అక్షయ తృతీయ నాటి రాత్రి మూడు మణుగులు (మణుగు అంటే పాతకాలపు తూకం), ఆ పైన వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకు మూడేసి మణుగుల చొప్పున మొత్తం పన్నెండు మణుగులు స్వామికి సమర్పిస్తారు. లింగాకారంలో కనిపించే ఆ చందనపు మూర్తిని తీరికగా, కళ్ళనిండా చూసిన వాళ్ళకే, లోపల వరాహ ముఖంతో, మనిషి శరీరంతో స్వామి ఉన్నాడన్న మాటలోని బరువు తెలుస్తుంది. నిజరూప దర్శనానికి మరో ఏడు నేనే దగ్గరుండి తీసుకువెళతాను. మొదటిసారి మాత్రం కార్తీకంలోనో మాఘంలోనో, సెలవు కాని ఒక రోజు చూసుకుని రా.

ఇప్పుడు నేను అన్నిటికంటే ముఖ్యంగా చెప్పదలచినది చెబుతాను. ఇది మీ నాన్న చేసిన పొరపాటు. నీకు ఎప్పుడైనా చెప్పాడో లేదో నాకు తెలియదు. వాడు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చరిత్ర ఎం.ఏ. చదువుతున్న రోజులవి. నీలాగే వాడికీ ఈ కథలన్నీ పోగుచేయాలని పట్టుదల పుట్టింది. ఒక ఉదయం ఇద్దరమూ మెట్లు ఎక్కుతూ సగం దారిలో ఒక ముసలమ్మ దగ్గర కూర్చున్నాము. ఆమె సంపెంగలు అమ్ముకునేది. వెదురు బుట్టలో తడిగుడ్డ పరిచి, పూలు వాడకుండా మీద అరిటాకు కప్పి, అడిగిన వారికి రెండేసి పూలు ఆకులో చుట్టి ఇచ్చేది. మీ నాన్న ప్రహ్లాదుడి కథ చెప్పమని అడిగితే ఆమె ముఖం వెలిగిపోయింది. హిరణ్యకశిపుడి భటులు పిల్లవాడిని సముద్రంలోకి విసిరి పైన కొండను వేయబోతే, అప్పన్న వైకుంఠం నుంచి కట్టుబట్ట సర్దుకోకుండా, గరుత్మంతుడి కోసం ఆగకుండా ఒక్క ఉదుటున దూకాడట. ఆమె ఒక చేత్తో సముద్రం దిక్కు చూపించి, రెండో చేత్తో తాను కూర్చున్న మెట్టును తట్టి, "ఆ కొండే బాబూ ఇది" అన్నది. అది విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఆ తరువాత ఆమె, "అప్పన్న పాదాలు ఎందుకు అగుపడవో మా మామ్మ ఇంకో తీరుగా సెప్పేది" అని మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే మీ నాన్న అడ్డు వచ్చాడు. ఈ గుడిలో దొరికిన శాసనాల్లో పాతది 1098-99 నాటిదనీ, కులోత్తుంగ చోళుని కాలానికి చెందినదనీ, అంతకు ముందు ఇక్కడ ఏమున్నదో చెప్పే ఆధారం లేదనీ, ప్రహ్లాదుడు గుడి కట్టించాడనడం కల్పన అనీ పాఠం చెప్పినట్లు చెప్పాడు. ముసలమ్మ కోప్పడలేదు. బుట్ట మీద అరిటాకు సర్దుకుని, "నాకేటి తెలుసు బాబూ, సదువుకున్నోలు, మీరే సెప్పండి" అని ఊరుకున్నది. నేను ఎంత బతిమాలినా తరువాత నోరు విప్పలేదు. మళ్ళీ వెళ్ళేసరికి ఆమె ఆ చోట లేదు. స్వామి దూకిన వేగానికి పాదాలు పాతాళంలోకి దిగిపోయాయన్నది అందరూ చెప్పే కథ. ఆమె మామ్మ చెప్పిన రెండో కథ ఏమిటో ఈనాటికీ మాకు తెలియదు. తరువాతి కాలంలో ఎందరిని అడిగినా ఎవరి దగ్గరా దొరకలేదు.

మీ నాన్న చెప్పిన తేదీ తప్పు కాదు. అది చెప్పిన సమయం తప్పు, దాని నుంచి వాడు లాగిన తీర్మానం అంతకంటే తప్పు. ఆ శాసనం ఒక వ్యక్తి స్వామికి తోటను దానం చేసిన సంగతి చెబుతున్నది. తోటను పుచ్చుకోవడానికి అప్పటికే అక్కడ స్వామి ఉన్నాడు, పూజ ఉన్నది, ఆ తోట పూలు కట్టేవారు ఉన్నారు. గుడి పుట్టిన తేదీ ఆ రాతి మీద లేదు. శాసనాన్ని దాని మాట దాన్ని చెప్పనివ్వాలి, ముసలమ్మను ఆమె మాట ఆమెను చెప్పనివ్వాలి. ఇదంతా మీ నాన్నను తగ్గించడానికి రాయడం లేదు. వాడు తరువాత ఎంత బాధపడ్డాడో నాకు తెలుసు, ఎవరు ఏ కథ చెప్పినా చివరిదాకా నోరు మెదపకుండా వినడం ఆ రోజు నుంచే అలవాటు చేసుకున్నాడు. ఆ చల్లని స్వభావమే నీకూ వచ్చింది. అయినా చదువుకున్న పిల్లవు, నాలుక మీద తేదీలు ఆడుతుంటాయి, అందుకే ఇంతగా చెబుతున్నాను.

రామానుజాచార్యుల కథ దగ్గర నీకు ఈ పరీక్ష తప్పక ఎదురవుతుంది. ఆయన ఇక్కడికి వచ్చి, ఇది శివలింగం కాదు, విష్ణుమూర్తి అని వాదించి గెలిచి చందనం తీయించాడనీ, తీసిన చోట రక్తం చిందితే మళ్ళీ చందనం పూయించాడనీ చెబుతారు. ఈ స్వామి మీద సింహగిరి వచనాలు చెప్పిన భక్తుడు కృష్ణమాచార్యుడిని ఆయన కలుసుకున్నాడని కూడా చెబుతారు. వారిద్దరి కాలాలకు మధ్య శతాబ్దానికి పైగా అంతరం ఉన్నది. నీ పుస్తకంలో ఆ సంగతి విడిగా రాసుకో, చెబుతున్నవారి ముందు ఎత్తవద్దు. అలాగే కథను చరిత్రగా మార్చి, ప్రహ్లాదుడు ఫలానా యుగంలో ఫలానా ఏడాది కట్టించాడని రాసేవారి దారిలోనూ పోవద్దు.

చరిత్ర కావాలంటే రాళ్ళను అడుగు, అవి విసుక్కోవు. 13వ శతాబ్దంలో కళింగాన్ని ఏలిన తూర్పు గాంగుల కాలంలో ఈ ఆలయాన్ని నల్లరాతితో పునర్నిర్మించారు. కోణార్క సూర్యాలయం కట్టించిన మొదటి నరసింహదేవుడి పేరు ఇక్కడి శాసనంలోనూ కనిపిస్తుంది. 1516లో కళింగ దండయాత్రలో వచ్చిన శ్రీకృష్ణదేవరాయలు స్వామికి నగలు సమర్పించి శాసనం వేయించాడు. కల్యాణ మండపంలో వరుసకు ఆరు చొప్పున పదహారు వరుసల్లో తొంభై ఆరు స్తంభాలు ఉన్నాయి, వాటి మీది నరసింహ రూపాలను ఒక్కొక్కటిగా చూడు, గబగబా నడిచిపోకు. గుడిలో కప్పస్తంభమనే స్తంభాన్ని కౌగిలించుకుని సంతానం కోసం మొక్కుకునే ఆడవాళ్ళు ఉంటారు. వారిని తేరిపార చూడవద్దు, అక్కడ ప్రశ్నలు అడగవద్దు. వారిలో ఎవరైనా తమంతట తాము చెబితే విను. దిగేటప్పుడు క్షేత్రపాలకుడైన త్రిపురాంతకస్వామిని కూడా దర్శించుకో.

తొలిపావంచా నుంచి అడవివరం, హనుమంతవాక, మాధవధార మీదుగా సుమారు ముప్ఫై రెండు కిలోమీటర్లు తిరిగే ఆషాఢ పౌర్ణమి గిరిప్రదక్షిణ మీద నీకు మనసు ఉంటే అది వచ్చే ఏడాదికి ఉంచుకో. నడిచే కాళ్ళు నీకు ఉన్నాయి, కానీ రాత్రంతా మీ వెంట నడిచే పెద్దవారు ఒకరు ఉండాలి, దానికి మీ మామయ్యను అడుగుతాను.

ఈ ఉత్తరం అందగానే టికెట్లు రద్దు చేసుకో. పోయే డబ్బు నేను పంపుతాను, ముగ్గురిదీ. కార్తీకంలో మీకు వీలైన తేదీలు రాస్తే, గుడిలో తీరిక ఎప్పుడుంటుందో కొండ మీద తెలిసినవారిని అడిగి నేను తెలియజేస్తాను. నీ స్నేహితురాళ్ళ తల్లిదండ్రుల చేత నాతో ఒకసారి ఫోనులో మాట్లాడించు. వారు కూడా మాలాగే కంగారు పడుతూ ఉంటారు.

ఇట్లు,
మీ పెద్దనాన్న