బొత్తాం మీద వేలు

విశాఖపట్నం,
ఎంవీపీ కాలనీ.

చిరంజీవి తల్లికి పెదనాన్న ఆశీస్సులు.

మంగళవారం రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, నువ్వు అమెచ్యూర్ రేడియో పరీక్ష గట్టెక్కావనీ, వీయూ3తో మొదలయ్యే కాల్ సైన్, అంటే రేడియోలో మనల్ని పిలిచే గుర్తింపు, నీ పేరిట వచ్చిందనీ, చేతి రేడియో ఒకటి కొనుక్కున్నావనీ వరుసగా చెప్పి, చివర్లో మామూలు సంగతి చెప్పినట్టుగా, రాబోయే తుఫానుల కాలంలో సహాయక బృందంతో తిరగడానికి పేరు కూడా ఇచ్చావని అన్నాడు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు బాల్కనీలోనే కూర్చుండిపోయాను. మీ పెద్దమ్మ భోజనానికి రెండుసార్లు పిలిచినా లేవలేకపోయాను. మన ఇంట్లో ఇది రెండో కాల్ సైన్. నా వీయూ2 నాతోనే ఆగిపోతుందని ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చినవాణ్ణి కాబట్టి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఆ సంతోషం వెనకే భయమూ వచ్చింది. గాలికీ వానకూ నీకేమవుతుందోనన్న బెంగ మీ అమ్మ ఎలాగూ పడుతుంది. నా భయం వేరే ఉంది. ఫోన్‌లో చెబితే ‘సరే పెదనాన్నా’ అనేసి మరిచిపోతావు, కాగితం మీద ఉంటే ఇంకోసారి చదువుతావని ఉత్తరం రాస్తున్నాను.

నీకు తెలిసినవి ముందు అనేస్తాను. యాంటెన్నా బిగించకుండా పీటీటీ, అంటే మాట్లాడేటప్పుడు నొక్కి పట్టే బొత్తాం, నొక్కవద్దు, లోపలి ట్రాన్సిస్టర్ కాలిపోతుంది. మాట్లాడబోయే ముందు ఆ ఫ్రీక్వెన్సీ ఖాళీగా ఉందో లేదో విను. నొక్కాక ఒక్క క్షణం ఆగి మొదలుపెట్టు, లేకపోతే నీ మొదటి మాట అవతలివాళ్లకు చేరదు. రిపీటర్, అంటే మన మాటను అందుకుని దూరానికి మళ్లీ పంపే సెట్, వాడుతున్నప్పుడు పంపే, వినే ఫ్రీక్వెన్సీల మధ్య ఉండే 600 కిలోహెర్ట్జ్ ఆఫ్‌సెట్టూ, దాన్ని తెరిచే టోనూ సరిచూసుకో. బ్యాటరీని వాడినా వాడకపోయినా వారానికోసారి పరీక్షించు. లైసెన్సు నకలు ఎప్పుడూ సంచిలో ఉండాలి.

చదివినంత మాత్రాన అర్థం కానిది కొండ. మన చేతి రేడియో వాడే వీహెచ్ఎఫ్ తరంగం దాదాపు చూపు సాగినట్టే సాగుతుంది. నేల మీద నిలబడి రేడియోను ముఖం ఎత్తున పట్టుకుంటే దానికి కనిపించే దూరం ఐదు కిలోమీటర్ల చిల్లర. అదే రేడియోతో, అదే ఐదు వాట్లతో, 128 మీటర్ల ఎత్తున్న తొట్లకొండ ఎక్కితే అది 45 కిలోమీటర్లు దాటుతుంది. ఒకసారి కార్తీక వనభోజనాలకు యారాడ వెళ్లాం. మూడు వైపులా కొండలు, నాలుగో వైపు సముద్రం. ఇసుకలో నిలబడి ఈ కాలనీలోనే ఉన్న మిత్రుణ్ణి అరగంట పిలిచాను. డాల్ఫిన్స్ నోస్ కొండ అడ్డంగా ఉండడంతో నా మాట ఒక్క అక్షరం కూడా అతనికి చేరలేదు. తిరుగు ప్రయాణంలో ఘాట్ రోడ్డు మీద ఒక మలుపు తిరిగి ఊరు కనిపించగానే, పక్కన కూర్చుని మాట్లాడుతున్నంత స్పష్టంగా అతని గొంతు వినిపించింది. అందుకే నిన్ను ఏ ఊరికి పంపినా, మాట చేరే మలుపు ఎక్కడుందో గాలివాన రాక ముందే నడిచి చూసి గుర్తుపెట్టుకో. మెరుపులు మెరుస్తుంటే మాత్రం ఆ మలుపు మీద గానీ మేడ మీద గానీ ఒక్క నిమిషం కూడా నిలబడవద్దు. ఈ విషయంలో నాకు మాట ఇవ్వాలి.

రేడియోను నడుముకు తగిలించుకుని మాట్లాడే అలవాటు చేసుకోకు, మన ఒళ్లే తరంగాన్ని తాగేస్తుంది. యాంటెన్నా నిటారుగా ఉండేలా ముఖం దాకా ఎత్తి పట్టుకో. సెట్‌తో పాటు ఇచ్చే పొట్టి రబ్బరు యాంటెన్నా సంచిలో పట్టడానికి బాగుంటుంది కానీ దూరానికి పనికిరాదు. మన తరంగం పొడవు రెండు మీటర్లు, అందులో నాలుగో వంతు, అంటే సుమారు 50 సెంటీమీటర్ల మామూలు తీగను, యాంటెన్నా మొదట్లో ఉండే లోహపు చుట్టుకు ఆనేలా బిగించి కిందికి వేలాడదీసి చూడు. అవతలివాళ్లకు గరగరలాడుతూ చేరే మాట ఎంత తేటపడుతుందో వాళ్లే చెబుతారు.

ఇప్పుడు దొరికే చవక సెట్లు చాలావరకు 136 నుంచి 174 మెగాహెర్ట్జ్ దాకా ఎక్కడ నొక్కినా ప్రసారం చేసేస్తాయి. అందులో మనకు ఇచ్చినది 144 నుంచి 146 వరకే, ఇంకా పై బ్యాండ్‌లో 434 నుంచి 438 వరకు. 156.8 మీద ఓడలూ పడవలూ ఆపదలో సాయం కోసం పిలుస్తాయి. మనది తూర్పు నౌకాదళం ఉన్న ఊరు, చేపల రేవు ఉన్న ఊరు. ఇక్కడ అంకె ఒకటి తప్పు నొక్కితే ఎవరి ప్రాణానికి అడ్డం పడతామో మనకు తెలియదు. కొత్త ఫ్రీక్వెన్సీ కొట్టిన ప్రతిసారీ తెర మీది అంకెలను పైకి చదువుకున్నాకే బొత్తాం నొక్కు.

ఇక నా భయం సంగతి. ఇది మీ నాన్నకు కూడా పూర్తిగా తెలియదు.

2014 అక్టోబరు 12, ఆదివారం మధ్యాహ్నం హుద్‌హుద్ తుఫాను మన ఊరి మీద తీరం దాటింది. నువ్వప్పుడు చిన్నపిల్లవు, మంచం కింద దూరి చెవులు మూసుకున్నావట. మరునాటికి కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏ రోడ్డు మీద చూసినా చెట్లే. రిపీటర్ పనిచేయడం లేదు కాబట్టి మేమంతా ఒకే ఫ్రీక్వెన్సీ మీద సింప్లెక్స్‌లో, అంటే రిపీటర్ లేకుండా నేరుగా ఒకరి నుంచి ఒకరికి, నెట్ నడుపుతున్నాం. నెట్ అంటే అందరూ కలిసి వినే ఒకే సంభాషణ; దాన్ని నడిపే నెట్ కంట్రోల్ ఎవరిని పిలిస్తే వాళ్లు మాట్లాడాలి, మిగిలినవాళ్లు వింటూ ఉండాలి. ఒక సహాయ శిబిరంలో ఎంతమంది ఉన్నారో, ఏమేం కావాలో చూసి చెప్పమని నాకు పని అప్పగించారు. బండి వెళ్లే దారి లేక సిరిపురం నుంచి విశ్వవిద్యాలయం గోడ వెంబడి, పడిపోయిన చెట్ల కొమ్మలు దాటుకుంటూ మద్దిలపాలెం వైపు నడిచాను. వాన ఇంకా తుంపరగా పడుతోంది. రేడియో తడవకూడదని గుడ్డ సంచిలో వేసి, అందులోనే టార్చి లైటూ నీళ్ల సీసా పెట్టి, సంచిని రెయిన్‌కోటు లోపల భుజానికి తగిలించుకున్నాను.

సీసా అడుగు పీటీటీ మీద ఆనింది.

నలభై నిమిషాలు నడిచాను. ఆ నలభై నిమిషాలూ రేడియో చప్పుడు చేయలేదు. చేయదు, ప్రసారం చేస్తున్న సెట్‌కు ఏమీ వినిపించదు. అది నాకు తెలుసు, అందరికీ తెలుసు, పరీక్షలో రాశాం కూడా. అయినా ఆ నిశ్శబ్దాన్ని విని నేను అనుకున్నదేమిటంటే, ‘పనులు ఒక దారిన పడ్డాయి, నెట్ నెమ్మదించింది’ అని. నేను నెట్ కంట్రోల్‌కు దగ్గరలో ఉన్నాను. ఈ సెట్లు వాడే ఎఫ్ఎం పద్ధతిలో బలమైన సిగ్నల్ బలహీనమైనదాన్ని పూర్తిగా కప్పేస్తుంది. దూరం నుంచి ఎవరు పిలిచినా అక్కడివాళ్లకు వినిపించింది నా రెయిన్‌కోటు రాపిడీ, నా అడుగుల చప్పుడూ, నా ఆయాసమూ.

అదే సమయానికి ఒక ఆసుపత్రి మేడ మీద నుంచి మన మిత్రుడొకడు, జనరేటర్‌లో డీజిల్ అయిపోవస్తోందని మళ్లీ మళ్లీ పిలుస్తున్నాడు.

నన్ను వెతికి పట్టుకున్నది ఇరవై ఏళ్లు నిండని కుర్రాడు. తన సెట్ నుంచి యాంటెన్నా తీసేసి, సెట్‌ను గుండెకు ఆనించి పట్టుకుని, నిలబడిన చోటే నెమ్మదిగా ఒక చుట్టు తిరిగేవాడట. సిగ్నల్ బాగా తగ్గిన దిక్కులో, అంటే తన ఒళ్లు అడ్డుపడిన దిక్కులో, సరిగ్గా తన వీపు వెనక నేను ఉన్నట్టు. అలా ఆగి తిరుగుతూ, ఆగి తిరుగుతూ వచ్చి నా దారికి అడ్డంగా నిలబడ్డాడు. ఒక్క మాట కూడా అనలేదు. నా రెయిన్‌కోటు తొలగించి, సంచిలో చెయ్యి పెట్టి, సీసా బయటికి తీసి, సెట్ మీద వెలుగుతూ ఉన్న ఎర్ర దీపం అప్పుడే ఆరిపోవడం నాకు చూపించాడు. సెట్ వెనక భాగం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. మరుక్షణమే నలుగురైదుగురి గొంతులు ఒకదాని మీద ఒకటి పడి వినిపించాయి.

డీజిల్ చేరింది కానీ ఆలస్యంగా చేరింది. మధ్యలో పావుగంటసేపు జనరేటర్ ఆగిపోయిందనీ, వెంటిలేటర్ మీద ఉన్న ఒక పెద్దాయనకు నర్సు చేత్తో గాలి సంచి నొక్కుతూ ఊపిరి అందించిందనీ ఆ మిత్రుడు తరువాత చెప్పాడు. ఆయన బతికారు. వారం తరువాత నేను ఆ ఆసుపత్రికి వెళ్లాను. ఆ నర్సును వరండాలో నుంచి చూశాను, ఎవరికో సూదిమందు సిద్ధం చేస్తోంది. దగ్గరికి వెళ్లి, అమ్మా, ఆ రోజు ఆలస్యం నా వల్ల జరిగింది అని చెప్పాలనుకున్నాను. ఐదు నిమిషాలు నిలబడి, చెప్పలేక వెనక్కి వచ్చేశాను. ఆ మాట చెప్పనందుకు నాకు ఇవాళ్టికీ మనసు బాగుండదు.

అన్నిటికంటే నన్ను బాధించేది ఇంకొకటి ఉంది. ఆ సెట్‌లో టైమ్ అవుట్ టైమర్ ఉంది. పెట్టిన గడువు దాటితే బొత్తాం నొక్కి ఉన్నా ప్రసారాన్ని అదే ఆపేస్తుంది. దాన్ని నేనే ఆపి ఉంచాను. సాయంత్రం కబుర్లలో నా మాట మధ్యలో తెగిపోతోందని, తుఫానుకు కొన్ని నెలల ముందు మెనూలోకి వెళ్లి తీసేశాను. నేను నిమిషానికోసారి ఆగి మాట్లాడి ఉంటే సరిపోయేది.

కాబట్టి, తల్లీ, ఈ ఉత్తరం కింద పెట్టిన వెంటనే నీ సెట్ మెనూలో టైమర్‌ను 60 సెకన్లకు పెట్టు. నీ మాట 60 సెకన్లలో ముగియకపోతే మాటను తగ్గించుకో, టైమర్‌ను పెంచకు. కీప్యాడ్ లాక్ వేశాను కదా అని ధీమా పడవద్దు, చాలా సెట్లలో అది పీటీటీని ఆపదు. సంచిలో రేడియోకు వేరే అర ఉండాలి, బొత్తాం ఉన్న వైపు ఏ వస్తువూ ఉండకూడదు. కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకున్నప్పుడూ, కారులో బెల్టు పెట్టుకున్నప్పుడూ ఒకసారి దీపం వంక చూడు. పని జోరుగా ఉండవలసిన వేళ ఐదు నిమిషాలు ఏ గొంతూ వినిపించకపోతే, ముందు నీ సెట్‌నే అనుమానించు.

అంకెలు చెప్పేటప్పుడు ఒక్కొక్కటిగా చెప్పు. గాలి హోరులో ఇరవైకీ అరవైకీ తేడా వినిపించదు. ‘రెండు, సున్న’ అను, ‘ఆరు, సున్న’ అను, అవతలివాళ్లచేత తిరిగి చెప్పించుకో. ఇన్ని దుప్పట్లు కావాలన్న కబురు ఒక ఊళ్లో ఎలా తారుమారైందో నేను చూశాను. పేరు ఒకటికి రెండుసార్లు అడిగించుకున్నా విసుక్కోకు. నీకు విసుగు తొందరగా వస్తుంది. మీ నాన్నకూ అంతే, మా అమ్మకూ అంతే.

ఇంతలా కోప్పడుతున్నానని వెనకడుగు వేయకు. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్నది అమెచ్యూర్ ప్రసారాల కోసం వెళ్లిన భారతీ ప్రసాద్ బృందం. ఫోన్లు మూగబోయిన అండమాన్ నుంచి బతికున్నవాళ్ల కబుర్లు బయటి ప్రపంచానికి చేర్చింది వాళ్ల రేడియో. ఆ రోజుల్లో నేను రాత్రుళ్లు సెట్ ముందు కూర్చుంటే నిన్ను ఎత్తుకున్న మీ అమ్మ టీ తెచ్చి ఇచ్చేది. తరువాత నీకు ఆరేళ్లు వచ్చాక నా ఒళ్లో కూర్చుని, ‘వాళ్లు మన మాట విన్నారని మనకెలా తెలుస్తుంది పెదనాన్నా?’ అని అడిగావు. నీ బొటనవేలు పట్టుకుని బొత్తాం మీద నుంచి తీయించాను. అవతలి నుంచి మనిషి గొంతు రాగానే నువ్వు ఉలిక్కిపడి నా చొక్కా పట్టుకున్నావు. అది నీకు గుర్తుండదు, నాకుంది.

ఈ ఆదివారం సాయంత్రం ఐదున్నరకు నేను మేడ మీద 145.500 మీద వింటూ ఉంటాను. నువ్వు తుఫాను రోజున సర్దుకునే వస్తువులన్నీ, నీళ్ల సీసాతో సహా, సంచిలో సర్దుకుని, రేడియో ఆన్ చేసి అందులోనే పెట్టి, జలాంతర్గామి మ్యూజియం దగ్గర నుంచి బీచ్ రోడ్డు మీద పదిహేను నిమిషాలు వేగంగా నడువు. నేను ఏమీ మాట్లాడను. నీ సంచి చప్పుడు నాకు వినిపిస్తే ఇంటికి వచ్చెయ్యి, కూర్చుని సంచి మళ్లీ సర్దుదాం, పెద్దమ్మ పెసరట్లు వేస్తుంది. ఏమీ వినిపించకపోతే ఐదూ నలభై ఐదుకు నేనే నిన్ను పిలుస్తాను, పేరుతో కాదు, నీ కాల్ సైన్‌తో.

నీ
పెదనాన్న