యాప్‌లో ప్రకటనలు రావట్లేదా? ముందు అడ్రసు చూడండి

ప్రశ్న: పంచాంగం యాప్ ప్లే స్టోర్‌లో పెట్టాను. యాప్-యాడ్స్ ఫైలు (మా యాప్‌లో ప్రకటనల చోటు ఎవరు అమ్మొచ్చో చెప్పే జాబితా, app-ads.txt) దొరకలేదని గూగుల్ ప్రకటనల సేవ అడ్మాబ్ అంటోంది. ఫైలు గిట్‌హబ్ పేజీలో పెట్టి రెండ్రోజులైంది. తప్పెక్కడ?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఇలాంటి కేసుల్లో తప్పు తరచుగా ఫైల్లో కాదు, దాన్ని పెట్టిన చోట ఉంటుంది. ఫైలు కోసం వెబ్‌సైట్లు తిరిగే ప్రోగ్రామ్, అంటే క్రాలర్, ముందు ప్లే స్టోర్‌లో మీరిచ్చిన డెవలపర్ వెబ్‌సైట్ అడ్రసు తీసుకుంటుంది. డొమైన్ పేరు తర్వాత ఉన్నదంతా వదిలేసి, నేరుగా దాని రూట్‌లోనే, అంటే సైటు మొదటి మెట్టులోనే, ఫైలు వెతుకుతుంది. ప్రాజెక్టు పేజీ లోపల పెడితే దానికి కనబడదు. మీ యూజర్‌నేమ్, దాని వెనక 'గిట్‌హబ్.ఐఓ' వచ్చే పేరుతో రిపాజిటరీ (ఫైళ్లు దాచే చోటు) తెరిచి, ఫైలు ఏ ఫోల్డర్‌లోనూ కాకుండా పైనే పెట్టండి. ప్లే కన్సోల్ స్టోర్ సెట్టింగ్స్‌లోని వెబ్‌సైట్ గడిలోనూ అదే అడ్రసు ఉండాలి. ఫేస్‌బుక్ పేజీ, గూగుల్ సైట్స్ ఇందుకు పనికిరావు. వాటి రూట్‌లో ఫైలు పెట్టే హక్కు మీకుండదు.

తర్వాత ఆ ఫైలును బ్రౌజర్లో తెరవండి. ఉత్త టెక్స్ట్ కనబడాలి. 404 (ఫైలు దొరకలేదు) వచ్చిందంటే పేరు చూడండి: అంతా చిన్నక్షరాలేనా? విండోస్ ఎక్స్‌టెన్షన్‌ను దాచేస్తుంది కాబట్టి నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసినప్పుడు 'టీఎక్స్‌టీ' రెండుసార్లు పడిపోతుంటుంది.

లైన్లో కామాలతో నాలుగు ముక్కలు: ప్రకటనల సంస్థ డొమైన్, పబ్లిషర్ ఐడీ, డైరెక్ట్ (ఆ సంస్థలో ఖాతా మీదే) లేదా రీసెల్లర్ (మీ తరఫున వేరేవాళ్లు అమ్ముతారు), చివర ఆ సంస్థకు ఉంటే దాని సర్టిఫికేషన్ కోడ్. 'పబ్' తర్వాత 16 అంకెలున్నదే పబ్లిషర్ ఐడీ. చాలామంది అక్కడ యాప్ ఐడీ అతికిస్తారు. చేత్తో టైపు చేయకుండా అడ్మాబ్ చూపించే లైనునే కాపీ చేయండి. సరిచేశాక కనీసం 24 గంటలు ఆగండి.

ప్రశ్న: ఒక నెట్‌వర్క్ వాళ్లు (ప్రకటనలు ఇచ్చే సంస్థ) వందల లైన్లు పంపి, యాప్-యాడ్స్ ఫైల్లో పెట్టమన్నారు. పెట్టాలా?
– పాఠకురాలు, విజయవాడ

జవాబు: గుడ్డిగా వద్దు. మీ యాప్ పేరు చెప్పుకుని ఇంకెవరో ప్రకటనల చోటు అమ్మకుండా ఆపడానికే ఆన్‌లైన్ ప్రకటనలకు ప్రమాణాలు రూపొందించే ఐఏబీ టెక్ ల్యాబ్ 2019లో ఈ పద్ధతి తెచ్చింది. ప్రతి రీసెల్లర్ లైనూ మీరు సంతకం పెట్టిచ్చిన అనుమతే. సంస్థ డొమైన్ రూట్‌లో సెల్లర్స్.జేసన్ (ఆ సంస్థ ద్వారా అమ్మేవాళ్ల జాబితా) ఉంటే తెరిచి, లైన్లోని ఐడీ వెతకండి. డైరెక్ట్ లైనైతే అక్కడ మీ ఐడీ 'పబ్లిషర్' లేదా 'బోత్' అని ఉండాలి. 'ఇంటర్మీడియరీ' (మధ్యవర్తి) అని ఉంటే సంస్థనే అడగండి. ఐడీ అసలే కనబడని రీసెల్లర్ లైన్లు పక్కన పెట్టండి. అలాగని మీడియేషన్‌లో (ఒకే యాప్‌కు పలు నెట్‌వర్కుల ప్రకటనలు తెచ్చే ఏర్పాటు) నిజంగా వాడుతున్న నెట్‌వర్కుల లైన్లు మాత్రం వదలకండి. ఫైలంటూ ఒకటి పెట్టాక, అందులో లేనివాళ్లను కొనుగోలుదారులు అనుమతి లేనివాళ్లుగానే లెక్కగడతారు, ఆదాయం అక్కడే పడిపోతుంది.