చేతులు వెళ్ళినంత దూరం భుజం వెళ్ళిందా? – గోల్ఫ్ ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం బ్యాక్‌స్వింగ్ (కొట్టేముందు క్లబ్‌ను, అంటే గోల్ఫ్ కర్రను, వెనక్కి పైకి తీసుకెళ్ళే కదలిక) గురించే కావడంతో, మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి స్థలమంతా దానికే కేటాయించాము. జవాబులన్నీ కుడిచేతి ఆటగాళ్ళను దృష్టిలో పెట్టుకొని రాసినవి. ఎడమచేతి వాటం వారు కుడి ఎడమలను తారుమారు చేసుకొని చదువుకోవాలని మనవి.

ప్రశ్న: నాకు 54 ఏళ్ళు, బ్యాంకులో ఉద్యోగం చేస్తున్నాను. రెండేళ్ళుగా గోల్ఫ్ ఆడుతున్నాను. భుజాలు పూర్తిగా 90 డిగ్రీలు తిరగాలని మా కోచ్ అంటారు. అందుకోసం క్లబ్‌ను బలవంతంగా వెనక్కి లాగితే ఎడమ మోచేయి వంగిపోతోంది, మర్నాడు నడుము పట్టేస్తోంది. ఇంత కష్టపడినా బంతి మునుపటికంటే దూరం పోవడం లేదు. – పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: భుజాలు తిరగడం ఆగిపోయిన తరువాత కూడా చేతులు వెనక్కి పోవాలంటే వాటికి మిగిలే దారి ఎడమ మోచేయి వంగడం ఒక్కటే. ఆ వంపుతో క్లబ్ మెడ వెనుకకు ఒరిగిపోతుంది కాబట్టి చూసేవారికి బ్యాక్‌స్వింగ్ చాలా పెద్దదిగా కనిపిస్తుంది, మీకు కూడా నిండుగా తిరిగిన భావన కలుగుతుంది. ఛాతీ మాత్రం మొదట ఉన్నచోటు నుంచి పెద్దగా కదిలి ఉండదు. ఆ స్థితిలో ఎడమచేతి చివరి మూడు వేళ్ళు క్లబ్ పిడి మీద పట్టు వదులుతాయి, కిందికి దిగేటప్పుడు మళ్ళీ బిగుస్తాయి, ఆ బిగింపులో క్లబ్ ఫేస్ (క్లబ్ చివరి తలలో, అంటే క్లబ్‌హెడ్‌లో, బంతిని తాకే ముఖం) దిశ మారిపోతుంది. చేయి వంగినందువల్ల స్వింగ్ వలయం కూడా చిన్నదవుతుంది కనుక, అంత వెనక్కి వెళ్ళి వచ్చినా క్లబ్‌హెడ్‌కు అదనపు వేగం రాదు.

పట్టు వదులుతోందో లేదో తెలుసుకోవడానికి కోర్సులో దొరికే గడ్డిపోచ చాలు. ఎడమ బొటనవేలి మీద కుడి అరచేయి ఆనే చోట దాన్ని ఉంచి, 7 ఐరన్‌తో (మధ్యస్థ దూరానికి వాడే క్లబ్) మెల్లగా బ్యాక్‌స్వింగ్ చేసి పైన ఒక్క క్షణం ఆగండి. పోచ జారి పడితే చేతులు భుజాలను దాటి వెళ్ళాయని అర్థం. నేను ఆట మొదలుపెట్టిన ఏడాది ఈ పరీక్ష చేసుకున్నప్పుడు పది సార్లకు తొమ్మిది సార్లు పోచ నేల మీదే కనిపించింది, కాబట్టి మీరు సిగ్గుపడనక్కరలేదు.

ఇక 90 డిగ్రీల సంగతి. భుజాలు 90, తుంటి సుమారు 45 డిగ్రీలు తిరగాలన్నది సాధారణంగా చెప్పే లెక్క. చాలామంది ఇందులో మొదటి అంకెను పట్టుకొని రెండోదాన్ని మరచిపోతారు, పైగా తుంటిని కదలనివ్వకుండా బిగబట్టి పై శరీరాన్ని మెలితిప్పితేనే శక్తి వస్తుందని నమ్ముతారు. నడుము దిగువన ఉండే వెన్నుపూసలు స్వభావరీత్యా చాలా కొద్దిగానే తిరుగుతాయి, తిరగడమనే పని ప్రధానంగా తుంటి కీళ్ళది, ఛాతీ వెనుక ఉండే వెన్నుది. రోజుకు ఎనిమిది గంటలు కుర్చీలో కూర్చునే మనిషికి ఈ రెండూ బిగుసుకుపోయి ఉంటాయి, అప్పుడు ఆ మెలిక భారమంతా నడుము మీద పడుతుంది. అందువల్ల మీరు చేయవలసిన మొదటి మార్పు తుంటికి స్వేచ్ఛ ఇవ్వడం. స్టాన్స్ తీసుకునేటప్పుడు కుడి పాదం బొటనవేలిని సుమారు 20 డిగ్రీలు బయటికి తిప్పి పెట్టండి. వెనక్కి తిరిగేటప్పుడు కుడి మోకాలి వంపు కొంత తగ్గినా తప్పు లేదు, డ్రైవర్‌తో (అన్నిటికంటే దూరం కొట్టే పొడవాటి క్లబ్) ఆడేటప్పుడు ఎడమ మడమ నేల నుంచి కాస్త లేచినా తప్పు లేదు. గోల్ఫ్‌లో అతి పెద్ద నాలుగు టోర్నీలైన మేజర్లలో 18 టైటిళ్ళు గెలిచిన జాక్ నిక్లాస్ మడమ ఎత్తే ఆడారు.

తిరుగుతున్నామా, పక్కకు జరుగుతున్నామా అన్నది ఇంట్లోనే గోడ సాయంతో తేల్చుకోవచ్చు. పిరుదులు రెండూ గోడకు తేలికగా తగిలేలా ముందుకు వంగి నిలబడి, చేతులు ఛాతీ మీద కట్టుకొని వెనక్కి తిరగండి. కుడి పిరుదు గోడను ఒత్తుతూ ఉండి, ఎడమ పిరుదు గోడను వదిలి ముందుకు వస్తే తుంటి సరిగా తిరిగినట్టు. రెండూ గోడ వెంబడి కుడివైపుకు జారితే మీది తిరుగుడు కాదు, ఊగడం. సరిగా తిరిగినప్పుడు చొక్కా గుండీలు కుడి కాలి దిక్కుకు చూస్తాయి, ఎడమ భుజం గడ్డం కిందికి వస్తుంది. అది ఎక్కడ ఆగితే అక్కడే మీ బ్యాక్‌స్వింగ్ కూడా ఆగాలి. బహుశా అది 75 డిగ్రీల దగ్గర ఆగవచ్చు, దానికి దిగులు వద్దు. కుడి పాదంలో పుట్టుకతో వచ్చిన లోపం వల్ల చీలమండ కదలిక తక్కువగా ఉన్న జాన్ రామ్ తన శరీరానికి తగ్గట్టు పొట్టి బ్యాక్‌స్వింగ్‌తోనే 2021లో యూఎస్ ఓపెన్‌ను, 2023లో మాస్టర్స్‌ను గెలిచారు. మీ కోచ్‌కు ఈ గోడ పరీక్ష చేసి చూపించండి, ఆయన కాదనరు. నడుము నొప్పి కాలిలోకి పాకుతున్నా, తిమ్మిరి ఉన్నా కోచ్‌కంటే ముందు వైద్యుణ్ణి కలవాలి.

ప్రశ్న: చిన్నప్పటి నుంచి క్రికెట్ ఆడినవాణ్ణి. గోల్ఫ్‌లో డ్రైవర్‌తో కొట్టే ప్రతి బంతీ కుడివైపుకు వంగిపోతోంది. క్లబ్‌ను బాగా లోపలివైపుకు తీసుకుంటే ఈ వంపు (స్లైస్) పోతుందని మిత్రులు చెబితే అలాగే చేస్తున్నాను, వంపు ఇంకా పెరిగింది. – పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: లోపలినుంచి వెళ్ళిన క్లబ్ లోపలినుంచే తిరిగి వస్తుందన్న ఆశతో ఇచ్చే సలహా ఇది. ఆచరణలో జరిగేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. మొదటి అడుగు దూరంలోనే మణికట్లు తిరిగి క్లబ్‌హెడ్ కాళ్ళ వెనుకకు వెళ్ళిపోతే, క్లబ్ ఫేస్ తెరుచుకుంటుంది, అంటే లక్ష్యానికి కుడివైపుకు తిరుగుతుంది, చేతులకు దారి మూసుకుపోతుంది. అక్కడినుంచి వాటికి పైకి లేవడం తప్ప మరో మార్గం ఉండదు. అలా ఎత్తిన క్లబ్‌ను కిందికి తేవడానికి కుడి భుజం బయటికి విసురుతుంది, క్లబ్ బంతిని బయటినుంచి లోపలికి కోస్తూ తగులుతుంది. అప్పటికే తెరుచుకొని ఉన్న ఫేస్ దీనికి తోడైతే ఇక స్లైస్‌ను ఆపేవారు లేరు.

క్రికెట్ అలవాటు ఇందులో కొంత పాలు పంచుకుంటుంది. బ్యాట్‌ను పైకెత్తడంలో మణికట్టు, మోచేతుల పని ఎక్కువ, మొండెం తిరగడం తక్కువ. వచ్చే బంతి కోసం బ్యాట్‌ను చప్పున సిద్ధం చేసుకోవాలి కదా. గోల్ఫ్ బంతి మీకోసం కదలకుండా కూర్చొని ఉంటుంది కాబట్టి ఆ తొందర అవసరం లేదు. మొదటి కదలికను ఎడమ భుజం, ఛాతీ కలిసి చేయాలి, చేతులు వాటి వెంట వెళ్ళాలి. క్లబ్ షాఫ్ట్ (కాడ) నేలకు సమాంతరంగా తుంటి ఎత్తుకు వచ్చినచోట ఆగి చూసుకోండి. మీ వెనుక, లక్ష్యం దిక్కుకు చూస్తూ నిలబడినవారికి క్లబ్‌హెడ్ మీ చేతులను కప్పినట్టు కనిపించాలి, చేతులకంటే లోపలివైపు కనిపించకూడదు. క్లబ్‌హెడ్ కొన ఆకాశం వైపు, లేదా మీ వెన్ను వంగినంత మేర ముందుకు వాలి ఉండాలి. ఫోన్‌లో వీడియో తీసుకుంటే కెమెరాను మీ చేతుల ఎత్తులో, చేతులకు సూటిగా వెనుక పెట్టండి. పక్కకు ఒక అడుగు జరిగినా మంచి స్వింగ్ చెడ్డదిగా, చెడ్డది మంచిదిగా కనిపిస్తుంది.

సాధనకు డ్రైవర్ హెడ్‌కవర్ (క్లబ్ తలకు తొడిగే ముసుగు) సరిపోతుంది. బంతికి అడుగున్నర వెనుక, క్లబ్ వెళ్ళవలసిన దారికి ఒక బెత్తెడు లోపలగా దాన్ని పడేసి బ్యాక్‌స్వింగ్ మొదలుపెట్టండి. మణికట్టు తిరిగిన మరుక్షణం క్లబ్‌హెడ్ దానికి తగులుతుంది, చెప్పడానికి మరొకరు అక్కరలేదు. అయితే ఈ పనికి దిగేముందు గ్రిప్‌ను, అంటే క్లబ్‌ను పట్టుకున్న తీరును, ఒకసారి చూసుకోండి. బంతి ముందు నిలబడి కిందికి చూసినప్పుడు ఎడమచేతి వేలి కణుపులు రెండు గానీ మూడు గానీ కనిపించాలి. ఒక్కటే కనిపిస్తుంటే స్లైస్‌కు కారణం చాలావరకు అక్కడే ఉంటుంది, బ్యాక్‌స్వింగ్ మీద అనవసరంగా నింద వేస్తున్నట్టు అవుతుంది.

ప్రశ్న: మా అబ్బాయికి 13 ఏళ్ళు. గోల్ఫ్ క్రీడాకారుడు సాహిత్ తీగల వీడియోలను పదే పదే స్లో మోషన్‌లో చూసి అతని బ్యాక్‌స్వింగ్‌నే అనుకరిస్తున్నాడు. వీడి స్వింగ్ పాడవుతుందేమోనని భయంగా ఉంది. – పాఠకురాలు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: హైదరాబాద్ నుంచి వెళ్ళి అమెరికాలో స్థిరపడిన తల్లిదండ్రులకు పుట్టి, 2023లో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్‌తో పీజీఏ టూర్‌లో (అమెరికాలో వృత్తి గోల్ఫర్ల పోటీల వరుస) తొలి విజయం సాధించిన ఆటగాణ్ణి మీ అబ్బాయి ఆరాధించడం మాకైతే ముచ్చటగానే ఉంది. పిల్లలు పాఠం విని నేర్చుకునేదానికంటే చూసి నేర్చుకునేది ఎక్కువ కాబట్టి అనుకరించనివ్వండి, కానీ ఒక్కరినే కాకుండా నలుగురిని చూడమనండి. జిమ్ ఫ్యూరిక్ క్లబ్‌ను బాగా నిటారుగా పైకి లేపి, ఒక మెలిక తిప్పి కిందికి తెస్తారు. ఆ మెలికతోనే 2003లో యూఎస్ ఓపెన్ గెలిచి, 2016లో పీజీఏ టూర్‌లో ఒక రౌండ్‌ను 58 దెబ్బలలోనే ముగించిన మొదటి ఆటగాడయ్యారు. 2021 మాస్టర్స్ విజేత హిడెకి మత్సుయామా బ్యాక్‌స్వింగ్ శిఖరాన ఆగి, ఊపిరి తీసుకున్నట్టుగా కిందికి దిగుతారు. వీరి బ్యాక్‌స్వింగ్‌లలో పోలిక ఏదీ కనిపించదు. బంతికి తగిలే క్షణంలో ఆపి చూస్తే మాత్రం అందరూ దగ్గర దగ్గరగానే ఉంటారు. మీ అబ్బాయికి ఎత్తు పెరిగే వయసు కాబట్టి స్వింగ్ ఎలాగూ మారుతూనే ఉంటుంది. గ్రిప్ సరిగా ఉందా, కొట్టిన తరువాత తూలకుండా నిలబడుతున్నాడా అన్న రెండింటినే గమనించండి. స్లో మోషన్‌తో పాటు మామూలు వేగంలో కూడా చూడమని చెప్పండి, స్లో మోషన్‌లో లయ తెలియదు.

ప్రశ్న: తల ఏమాత్రం కదపకూడదని అందరూ అంటారు, నిజమేనా? – పాఠకుడు, విజయవాడ

జవాబు: పూర్తిగా నిజం కాదు. ఛాతీ కుడివైపుకు తిరిగేటప్పుడు తల కూడా ఒక అంగుళమో రెండంగుళాలో కుడికి జరగడం సహజం. మేకు కొట్టినట్టు బిగించి ఉంచితే బరువు కుడి కాలి మీదికి వెళ్ళవలసిన సమయంలో ఎడమ కాలి మీదే ఉండిపోతుంది, కిందికి దిగేటప్పుడు శరీరం వెనక్కి వాలుతుంది. తల పైకి లేవడం, కిందికి కుంగడం మాత్రం మానుకోవాలి.

ప్రశ్న: గోల్కొండ దగ్గర నయా ఖిల్లాలోని కోర్సులో ఆడుతుంటాను. డ్రైవింగ్ రేంజ్‌లో (సాధన మైదానం) స్వింగ్ బాగుంటుంది, కోర్సులో మొదటి టీ (ఆట మొదలుపెట్టే చోటు) దగ్గరికి వచ్చేసరికి తొందర పడిపోతాను. ఒకటి, రెండు అని లెక్కపెట్టుకున్నా కుదరడం లేదు. చిన్నప్పుడు కొంత కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. – పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీ చివరి వాక్యం మా పనిని తేలిక చేసింది. అగ్రశ్రేణి ఆటగాళ్ళ స్వింగ్‌లో బ్యాక్‌స్వింగ్‌కు పట్టే సమయం, డౌన్‌స్వింగ్ మొదలై బంతికి తగిలేవరకు పట్టే సమయానికి సుమారు మూడు రెట్లు ఉంటుంది. మీరు ఒకటి, రెండు అని లెక్కపెడితే రెండు భాగాలకూ సమానంగా కాలం ఇచ్చినట్టవుతుంది, అందుకే కుదరడం లేదు. దాని బదులు తకధిమి అనుకోండి. మొదటి 'త' దగ్గర క్లబ్ కదలాలి, 'మి' దగ్గర పైకి చేరాలి, తరువాతి ఆవృత్తపు 'త' బంతి మీద పడాలి. 'త' నుంచి 'మి' వరకు మూడు అక్షరాల కాలం, 'మి' నుంచి మళ్ళీ 'త' వరకు ఒక అక్షరం. కాలప్రమాణం మీ ఇష్టం, మూడుకు ఒకటి అన్న నిష్పత్తి చెడకూడదు. తొందరపడేవారు సాధారణంగా 'ధి' దగ్గరే కిందికి దిగడం మొదలుపెడతారు, భుజం తిరగడం అప్పటికి పూర్తి కాదు. మొదట 7 ఐరన్‌తో, బంతి లేకుండా ఇరవై సార్లు చేసి, ఆ తరువాతే బంతి పెట్టుకోండి. డ్రైవర్ చేతికి తీసుకున్నా కాలం మార్చకండి. పటింగ్‌కు (బంతిని నేలమీద గుంటలోకి దొర్లించే దెబ్బకు) ఈ లెక్క వర్తించదు, అక్కడ నిష్పత్తి దాదాపు రెండుకు ఒకటిగా ఉంటుంది. మొదటి టీ దగ్గర నలుగురు నిలబడి చూస్తున్నప్పుడు పైకి వినిపించేలా అనవలసిన పని లేదు, పెదవులు కదిపితే చాలు.